ఎవరు కుట్టారని అడిగే కొట్టు

మధ్యాహ్నం ఎండ వంటింటి కిటికీ దాటి గట్టు మీదికి వచ్చిందంటే నేను అత్తయ్యకు భోజనం డబ్బా సర్దేదాన్ని. డబ్బా పట్టుకుని వీధి చివర బస్సులు తిరిగే మలుపు దాటి ఆవిడ కొట్టుకు వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే ఆవిడ కుర్చీలోంచి లేచి, "కాసేపు చూడమ్మా, పేగులు గోల పెడుతున్నాయి" అని వెనక తెర చాటుకు పోయేది. ఆవిడ తిన్నంత సేపూ కొట్టు నాదే. చేతులు మటుకే నావి, నోరు ఆవిడది. తెర వెనక నుంచే వినేది, తెర వెనక నుంచే అమ్మేది.

"ఎవరొచ్చారే? ఎవరు కుట్టారో అడిగావా?"

"అడిగాను అత్తయ్యా. స్కూలు పక్క టైలరట."

"అయితే పై వరసలో చూడు. అది కాదే, పక్కది! మూత సొట్టపోయింది చూడు, అదీ!"

వచ్చినవాళ్ళకు నవ్వొచ్చేది. "పెద్దమ్మగారికి తెరలోంచి కూడా కనబడుతుందా?"

"నీ చొక్కా కనబడక్కర్లేదు నాయనా. నీ టైలరెవరో తెలిస్తే చాలు."

ఇప్పుడు ఆ ఎండ గట్టు మీదికి వచ్చే వేళకు మా వంటింట్లో ఎవరూ ఉండడం లేదు. పొద్దున్నే రెండు డబ్బాలు ఒకేసారి సర్దేస్తున్నాను. ఒకటి మా ఆయనకు, ఒకటి నాకు. తెర వెనక కూర్చుని తింటుంటే బయట ఎవరైనా పిలుస్తారు. చెయ్యి కడుక్కుని నేనే లేవాలి. కూర్చున్నచోటి నుంచి అమ్మే విద్య నాకింకా పట్టుబడలేదు.

మా అత్తగారిని బజారంతా గుండీల పెద్దమ్మ అనేది. హుక్కులు, జిప్పులు, దారం ఉండలు, ఎలాస్టిక్కు, సూదులు, లైనింగు గుడ్డ, కుట్టుపనికి కావలసినవన్నీ అమ్మినా పేరు మాత్రం గుండీలకే వచ్చింది. మా మామగారు కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఇల్లిల్లూ తిరిగి చేసే పని. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఆయన వెంట ఊరికే తోడు వెళ్ళేదట. ఆయన మిషను విప్పి నూనె వేస్తుంటే ఆ ఇంటావిడ, "సూది విరిగి వారమైంది, తెచ్చే దిక్కు లేదు" అని వాపోయేది. ఆ మాట రెండు మూడిళ్ళలో విన్నాక ఈవిడ చేతిలోకి సూదుల పొట్లం వచ్చింది. ఏడాది తిరిగేసరికి అది తట్ట అయింది. "మీ మామయ్య మిషన్లకు నూనె వేసేవాడు, నేను మనుషులకు వేసేదాన్ని" అని నవ్వేది.

మామగారు పోయాక తట్టతో ఒక్కతే తిరిగింది. మోకాళ్ళు మొరాయించాక రోడ్డు పక్కన ప్లాస్టిక్ పట్టా పరిచింది. ఈ కొట్టు చాలా ఏళ్ళ తరువాతి మాట. చోటు మారినప్పుడల్లా అమ్మకం అ ఆల నుంచి నేర్చుకోవాలనేది.

"తట్టకి కాళ్ళుండాలి, పట్టాకి గొంతుండాలి, కొట్టుకి పిర్రలుండాలి."

తట్టతో వెళ్ళినప్పుడు ఉన్నదంతా ఒకేసారి చూపించకూడదట. గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, పిల్లల సంగతి అడిగి, ఆ మాటల మధ్య పైనున్న గుడ్డ కొద్దికొద్దిగా జరపాలి. ఆ ఇంటావిడ కొనేది గుండీలు కాదు, ఆ కాసేపు కబుర్లు. పట్టా మీద ఆ నాజూకు పనికిరాదు. నడిచిపోయేవాడి కాలు రెండు అడుగుల్లో దాటిపోతుంది, అంతలో వాణ్ణి ఆపాలి. అందుకని ఉన్నదంతా కుప్ప పోయాలి, గొంతు చించుకోవాలి. కొట్టుకు వస్తే అరుపులూ అక్కర్లేదు, కబుర్లూ అక్కర్లేదు. అవసరం పడ్డవాడు తనంతట తనే వస్తాడు. కాకపోతే వాడు వచ్చిన రోజున నువ్వక్కడ ఉండాలి. "ఒక్కసారి మూసి ఉన్న తలుపు చూశాడా, వాడి కాళ్ళు ఇంకో దారి నేర్చుకుంటాయి" అనేది.

మా ఆయన నాలుగంతస్తుల బట్టల స్టోరులో పనిచేస్తారు. మగవాళ్ళ బట్టల అంతస్తుకు ఆయన పెద్ద. అమ్మను ఉడికించడానికి, "మరి మా స్టోరుకేం ఉండాలమ్మా?" అనేవారు.

"దీపాలు. మీవాళ్ళు అమ్మేది కరెంటు, దాంతోబాటు చొక్కా ఉచితం."

"మా దగ్గర బేరాల్లేవు. ముఖం చూసి ధర చెప్పం. అందరికీ ఒకటే."

"ముఖం చూడకుండా అమ్మడమేంట్రా, ముసుగులో గుద్దులాటా?" అనేది గానీ, ఎవరైనా ఆ స్టోరు పేరెత్తితే, "మావాడు లేందే అక్కడ పైఅంతస్తు తెల్లారదు" అని చెప్పుకునేది. ఆవిడ కొట్లో మటుకు బేరాలు లేవా అంటే, ఒక్క గుండీకి బేరం మొదలెట్టినవాణ్ణి ఎగాదిగా చూసి, "పొట్ట బయటపడి లోకమంతా చూస్తుంటే నీకు బేరమెలా తోచింది నాయనా?" అనేది. వాడు నవ్వి కొనుక్కుపోయేవాడు.

ఆవిడ కొట్టుకు ఒక పద్ధతుంది. మా చుట్టుపక్కల దర్జీలందరూ గుండీలు ఆవిడ దగ్గరే కొనేవారు. ఏ దర్జీ ఏ రకం కొన్నా, అందులోంచే ఒక గుప్పెడు తీసి ఆ దర్జీ పేరున డబ్బాలో దాచేది. గోడ నిండా డబ్బాలే. వాటి మీద ఏ రాతా లేదు. ఒకదానికి సొట్ట, ఒకదానికి తుప్పు, ఒకదాని మీద సగం చెరిగిన పిల్లి బొమ్మ, అవే గుర్తులు. ఎవరి చొక్కాకైనా గుండీ ఊడిపోతే రంగు అడిగేది కాదు, ఎవరు కుట్టారని అడిగేది. ఆ దర్జీ డబ్బాలో చెయ్యి పెడితే ఊడిపోయినదాని తోబుట్టువు దొరికేది. "పెద్ద షాపువాడు డజను అట్టకు కుట్టి అమ్ముతాడు. లోకంలో డజను గుండీలు ఒక్కసారిగా పారేసుకున్నవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావుటే?" అని నన్నడిగేది.

చలి మొదలైన రోజుల్లో జ్వరమని పడుకుంది. నేను మంచం దగ్గరకు డబ్బా తీసుకెళితే కళ్ళు తెరిచి, "ఇంటికి తెచ్చావేంటమ్మా? కొట్టెవరు చూస్తున్నారు?" అంది. మూసి ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "చూస్తున్నారులెండి" అన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ వారం గడవలేదు.

ఇల్లంతా పరామర్శకు వచ్చినవాళ్ళు. నేను వాళ్ళకు టీలు పెడుతూ ఉండిపోయాను. మా ఆయన ఇంట్లో నిలవలేక కొట్టు తాళాలు తీసుకుని పొద్దున్నే వెళ్ళిపోయేవారు. ఏడవడం చేతకాని మగవాడు ఏదో ఒకటి సర్దుతాడు. ఈయన కొట్టు సర్దారు.

నేను వెళ్ళి చూసేసరికి కొట్టు పెళ్ళికూతురిలా ఉంది. గోడలకు తెల్ల రంగు. పైనుంచి కిందికి పారదర్శకమైన ప్లాస్టిక్ సొరుగులు. తెలుపుతో మొదలై నలుపు దాకా రంగుల వారీగా గుండీలు, ప్రతి రంగులో చిన్నవి ముందు, పెద్దవి వెనక. అచ్చు వాళ్ళ స్టోరులాగా ప్రతి సొరుగుకూ ధర చీటీ.

"డబ్బాలేవండీ?" అన్నాను.

"తుప్పు డబ్బాలు కదా, పాత ఇనుము అతనికి వేసేశాను." కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎన్ని రోజులు కూర్చుని ఏరారో. "బాగుందా?"

"చాలా బాగుంది" అన్నాను. అబద్ధం కాదు. అంత అందంగా ఆ కొట్టు ఎప్పుడూ లేదు.

"పక్కన ఫోన్ కవర్ల అబ్బాయి అడుగుతున్నాడు. మధ్య గోడ తీసేసి రెండూ కలుపుకుంటాడట. నెలాఖరుకు ఏ సంగతీ చెబుతానన్నాను. మనకెవరున్నారు కూర్చోవడానికి?"

"నేను కూర్చుంటాను."

ఆయన నా వైపు చూశారు. ఎగతాళిగా కాదు, దిగులుగా. "నోట్లో నాలుక లేని మనిషివి. నువ్వు అమ్ముతావా?"

"అత్తయ్య నోటితో ఇన్నాళ్ళూ అమ్మలేదూ?"

"ఇప్పుడా నోరు లేదు కదా" అన్నారు.

షట్టరు దించాక తాళం నా చేతిలో పెట్టి, "సరే, నెలాఖరు దాకా చూడు. కొట్టు తన అద్దె తను మోసుకుంటే నీది. లేకపోతే ఆ అబ్బాయికి ఇచ్చేద్దాం" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు. స్టోరుకు వెళ్ళడం కూడా వేరే వీధిలోంచి.

మొదటి వారం నాకు బాగా గుర్తుంది. ఒకావిడ కోటు పట్టుకుని వచ్చింది. తెల్ల గుండీ ఊడిపోయిన చోట దారం పోగు వేలాడుతోంది. అలవాటుగా నా నోట్లోంచి, "ఎవరు కుట్టారండీ?" అని వచ్చేసింది. ఆవిడ చెప్పింది. నా చెయ్యి పై వరసకు లేచింది. అక్కడ తెల్ల గోడ ఉంది.

తెల్ల సొరుగు తెరిచాను. తెలుపంటే ఒకటే అనుకుంటాం. పాల తెలుపు, ఎముక తెలుపు, ముత్యం తెలుపు, వెలుతురులో తెలుపూ నీడలో నీలమూ అయ్యేది, అంచు ఎత్తుగా ఉండేది, అంచే లేనిది. అన్నీ కలిసిపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ కోటు పక్కన పెట్టి చూస్తూనే ఉన్నాను. ఆవిడ ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతోంది. చివరికి, "పర్లేదులెండి, నాకు బస్సు వచ్చేస్తుంది" అని కోటు మడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తరువాత వచ్చినవాళ్ళూ అంతే. సొరుగులు చూసి, "అబ్బ, ఎంత బాగా పెట్టారో!" అని మెచ్చుకుని వట్టి చేతులతో పోయేవారు.

ఒక్క రెడీమేడ్ చొక్కాల వాళ్ళకు మాత్రం ఆ సొరుగులే అక్కరకొచ్చాయి. వాటికి దర్జీ ఎవరో దేవుడికే తెలియాలి. రంగు చూసి, దాదాపు కలిసేది తీసి ఇస్తే సరిపోయేది. మా ఆయన పనిచేసేది అలాంటి చొక్కాల మధ్యనే, ఆయన సర్దింది ఆ లెక్కనే. తప్పు పట్టడానికి లేదు.

ఫోన్ కవర్ల అబ్బాయి మంచివాడే. రోజూ టీ పంపేవాడు. ఒకనాడు తనే పట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట చెబుతా, కోపం తెచ్చుకోకు. ఈ వ్యాపారం ముసలిదైపోయింది."

"నీది పడుచుదా తమ్ముడూ?"

"మరే! పడుచుదే, అందుకే నిలకడ లేదు. కొత్త ఫోన్ దిగిందంటే పాత ఫోన్ కవర్లన్నీ చెత్తబుట్టకే. సరుకు పెట్టెలో దిగిన రోజునే గుండెల్లో గుబులు. అందుకే నాకు చోటు కావాలి. ఎక్కువ వేలాడదీస్తే ఎక్కువ పోతాయి."

"మా గుండీలకు ఆ బాధ లేదు. నువ్వు పుట్టకముందు వచ్చినవి కూడా ఈ సొరుగుల్లో ఉన్నాయి."

"వాటిని కొనేవాళ్ళు కూడా నేను పుట్టకముందే ఉన్నారేమో అక్కా" అని నవ్వేసి వెళ్ళాడు. నాకూ నవ్వొచ్చింది. అతను పోయాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు.

ఆ మర్నాడే ఎల్లుండి దర్జీ వచ్చాడు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ఎప్పుడడిగినా "ఎల్లుండి రండి" అంటాడు కాబట్టి ఎల్లుండి దర్జీ. కోట్లు కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. లోపలికి అడుగుపెట్టి సొరుగుల వంక చూస్తూ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"కోడలమ్మా, ఇది కొట్టా, బొమ్మల కొలువా? నా పిల్లి డబ్బా ఏదీ?"

సంగతి చెప్పాను. ఆయన సొరుగు లాగి, చూడను కూడా చూడకుండా గుండీలను బొటనవేలి గోటితో దొర్లించాడు. టక్కున ఒకటి పైకి తీశాడు. "ఇదీ నాది. వెనక దారం దూరే చెవి కాస్త ఎత్తుగా ఉంటుంది. కోటు గుడ్డ మందం కదా, చెవి పొట్టిదైతే కాజాలోంచి రాదు." మళ్ళీ దొర్లించి ఇంకోటి తీశాడు.

అది చూశాక నాకు దారి కనబడింది. ఈ గుండీలను నేను గుర్తుపట్టలేను గానీ, కొన్నవాళ్ళు గుర్తుపడతారు.

"బాబాయ్, మీవన్నీ ఏరి పెట్టకూడదూ?"

"ఏరొచ్చు. చేతిలో పనుంది, ఎల్లుండి వస్తా."

"ఆ మాట మీ గిరాకీలకు చెప్పుకోండి. నాకు కాదు" అన్నాను. అనేశాక నాకే వింతనిపించింది. ఆయన నోరు తెరిచి చూసి, పకపకా నవ్వి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. "పెద్దమ్మ పోయిందన్నారు. ఎక్కడికీ పోలేదు, కుర్చీ మారింది" అన్నాడు.

ఆయన చేతే మిగతావాళ్ళకు కబురు పంపాను. దర్జీలకు మధ్యాహ్నం భోజనం దాటాక కాస్త తీరిక. యూనిఫారాలు కుట్టే ఆయన వచ్చాడు. పిల్లల గౌన్లు కుట్టే గౌన్లక్క వచ్చింది. సొరుగులన్నీ తీసి బల్ల మీద పాత దుప్పటి పరిచి పోశాను. ముగ్గురూ చుట్టూ చేరారు. ఇక చూడాలి ఆ గోల.

"అది నాదయ్యా, ఇలా ఇవ్వు."

"నీదేంటి? నాలుగు కన్నాలు చూడు. నువ్వు జన్మలో నాలుగు కన్నాల గుండీ కుట్టావా?"

"ఎందుకు కుట్టనూ, దారం పీనాసితనం నీకుంది గానీ నాకు లేదు!"

"మీ ఇద్దరూ కొట్టుకోండి, ఈ సీతాకోకచిలుకలు మాత్రం నావి" అని గౌన్లక్క ఒళ్ళో పోసుకుంది.

యూనిఫారాలాయన గౌన్లక్క వంక చూసి, "నువ్వు ఫోన్లో తెప్పించుకుంటున్నావట కదా, ఇక్కడ నీ సరుకేముంది?" అని గుచ్చాడు.

ఆవిడ దాచలేదు. "అవును, తెప్పించాను. చౌకగా ఇంటికే వస్తుంటే కాళ్ళరిగేలా తిరగమంటావా? సంచెడు కావాలంటే ఫోనే మేలు. మొన్న ఒక పాపాయి గౌనుకు ఒక్క గుండీ పోయింది. ఫోన్లో అడిగితే వంద తీసుకుంటే గానీ పంపనంది. వంద కుట్టడానికి అది గౌనా, గుండీల చెట్టా?" తరువాత నా వైపు తిరిగి, "నా సంచిలోంచి గుప్పెడు నీ దగ్గర పడేస్తాను కోడలమ్మా. ఫోన్లో కొన్నదే అనుకో. ఎవరైనా వస్తే ఇవ్వు, నాకు ఆ తలనొప్పి తప్పుతుంది" అంది.

అత్తయ్య తను అమ్మిన సరుకులోంచే గుప్పెడు ఆపేది. తను అమ్మని సరుకు కూడా తన కొట్టుకే చేరుతుందని ఆవిడ ఊహించి ఉండదు. నేను వెంటనే, "తెండి" అన్నాను.

ఫోన్ కవర్ల అబ్బాయి తొంగిచూశాడు. "అక్కా, ఇదేంటి, పట్టపగలు పేకాట పెట్టించావా?"

"నువ్వూ వచ్చి ముక్క వెయ్యి" అన్నాడు ఎల్లుండి దర్జీ. అతను నిజంగానే చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు. ఏది ఎవరిదో తెలియక మెరిసేవన్నీ ఏరి కుప్ప పెట్టాడు. అది చూసి అందరూ నవ్వారు.

కొన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయి. ఎవరివి వాళ్ళకు వేరే సొరుగులయ్యాయి. మా ఆయన రంగుల సొరుగులు సగం అలాగే ఉంచాను, రెడీమేడ్ వాళ్ళ కోసం. ధర చీటీలూ ఉంచాను. కొత్తవాళ్ళకు ధర అడగడం మొహమాటం, రాసి ఉంటే వాళ్ళకూ హాయి, బేరం తెలియని నాకూ హాయి. ఇప్పుడెవరైనా వస్తే ముందు అడిగేది ఒకటే. దర్జీ పేరు చెబితే ఇటు, నీళ్ళు నమిలితే అటు.

కోటావిడ మళ్ళీ ఆ దారినే బస్సుకు వెళుతుంటే నేనే గుమ్మంలోంచి పిలిచాను. నోట్లో నాలుక లేని నేను, అంత మంది మధ్యలో. పట్టాకి కావలసిన గొంతు కొట్లో కూర్చున్నా అప్పుడప్పుడూ కావాలి. ఎల్లుండి దర్జీ సొరుగులో చెవి ఎత్తున్నది తీసి, నిలబడ్డపాటునే కుట్టి ఇచ్చాను. ఆవిడ గుండీ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది. మర్నాడు పక్కింటావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

నెలాఖరున కొట్టు తన అద్దె తను మోసుకుంది. మహా ఎత్తున కాదు గానీ, ఎవరి భుజం మీదా వాలకుండా మోసుకుంది. పక్క అబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతను అడగకముందే నేనే చెప్పాను.

"గోడ గోడలాగే ఉంటుంది తమ్ముడూ."

"బావగారు ఏమన్నారు?"

"కొట్లో కూర్చునేది నేను. మాట నేనే చెబుతున్నాను."

కాసేపు తల గోక్కున్నాడు. "పోనీ ఆ గోడకు మేకులైనా కొట్టుకోనిస్తావా? కవర్లు తగిలించుకుంటా."

"నీ వైపు ఎన్నైనా కొట్టుకో. ఇటు మొన తేలిందా, ఊరుకోను."

ఆ సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుతూ అన్నారు, "గోడ గోడలాగే ఉంటుందన్నావట."

"అన్నాను."

"ముందు నాకు చెప్పాల్సింది."

"మీరు కొట్టుకు వస్తే చెప్పేదాన్ని. రాలేదు కదా."

ఆయన రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టారు. "ఆ కుర్చీ చూడలేను" అన్నారు మెల్లగా.

నేనూ మొదట్లో అందులో కూర్చోలేకపోయాను. స్టూలు మీద కూర్చునేదాన్ని. ఒకరోజు నడుం నొప్పెట్టి, చూసుకోకుండా కూర్చుండిపోయాను. కూర్చున్నాక అది కుర్చీయే. ఆ సంగతి ఆయనకు మాటల్లో చెబితే ఎక్కదు.

మర్నాడు పొద్దున్న నేను డబ్బాలు సంచిలో పెడుతుంటే, ఆయన ఒక చొక్కా తెచ్చి కుర్చీ వీపుకు వేశారు. ఛాతీ దగ్గర గుండీ ఊడిపోయి ఉంది.

"ఇది కాస్త కుట్టి పెట్టు. రేపు మీటింగుకు ఇదే వేసుకోవాలి."

ఇన్నేళ్ళలో ఆ మాటకు నేను రెండోసారి చెప్పించుకోలేదు. చెయ్యి దానంతట అదే చొక్కా మీదికి పోయింది. మడత సరిచేసి, మళ్ళీ కుర్చీ మీదే వేశాను.

"కొట్టుకు తీసుకురండి, కుట్టి ఇస్తాను."

"ఇంట్లో కుట్టలేవా?"

"కుట్టగలను" అన్నాను.

చెప్పులు వేసుకుని తలుపు దగ్గరగా వేశాను. చొక్కా కుర్చీ మీదే ఉంది.